గుమ్మం పేరు

చిన్నప్పుడు నాకు మూడు పేర్లుండేవి. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, బళ్ళో రాయించిన పేరు ఒకటి. ఈ రెండూ అందరికీ ఉండేవే. మూడోది మా అమ్మమ్మ సొంతంగా పెట్టింది. దాన్ని ఆవిడ గుమ్మం పేరు అనేది. అంటే గుమ్మంలో నిలబడి అడిగేవాళ్ళకి చెప్పే పేరన్నమాట. గాజులమ్మే ఆవిడ, చిలకజోస్యం ఆయన, దారి తప్పి వచ్చి మంచినీళ్ళడిగేవాళ్ళు, ఆఖరికి జనాభా లెక్కలు రాసుకునే మాస్టారు, ఎవరైనా సరే "పాప పేరేంటండీ" అని ముచ్చటపడి అడిగితే అమ్మమ్మ తడుముకోకుండా ఆ మూడో పేరు చెప్పేసేది. ఏ నెలలో పుట్టిందంటే ఒక నెల ముందుకో వెనక్కో జరిపేది. నక్షత్రం మాత్రం ఎవరికీ చెప్పేది కాదు. "ఏమోనమ్మా, ఆ రోజు ఒకటే వాన, గుర్తులేదు" అనేది. వానకీ నక్షత్రానికీ సంబంధం ఏమిటని ఎవరూ అడిగినట్టు లేదు.

"పేరు, నక్షత్రం, ఒక తలవెంట్రుక. ఈ మూడూ పరాయివాడి చేతిలో పెట్టాక ఇంక పిల్లని మాత్రం ఇంట్లో ఎందుకు ఉంచుకోవడం, దాన్నీ ఇచ్చేస్తే పోతుందిగా" అనేది. అందుకే మా ఇంట్లో దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు కూడా ఉండలు చుట్టి ఆవిడే పొయ్యిలో వేసేది. గుళ్ళో పూజారిగారు గోత్రనామాలు అడిగితే గడప మీదకి వంగి ఆయన చెవిలో చెప్పేది. ఆయన పాపం అలవాటుగా వాటిని గట్టిగా చదివేసరికి, దేవుడికి దణ్ణం పెట్టుకోవడం మానేసి ఆయనకేసి ఉరిమి చూసేది.

నాకా గుమ్మం పేరు బొత్తిగా నచ్చేది కాదు. అది బాగా పాతకాలపు పేరు. వింటేనే పెద్దావిడెవరో మేడ మీద వడియాలు పెడుతున్నట్టు ఉండేది. ఇంతకన్నా మంచి పేరు దొరకలేదా అని నేను గొడవ చేస్తే, "ఇంట్లో ఉన్నదే. వాడిన పేరే. బాగా పనిచేసిందిలే" అనేది. పేరు పనిచేయడం ఏమిటో నాకు అర్థమయ్యేది కాదు. అమ్మని అడిగితే నవ్వి ఊరుకునేది. నాన్న ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. షిఫ్టు దిగి వచ్చాక అత్తగారి విషయాల్లో తలదూర్చే ఓపిక ఆయనకి ఉండేది కాదు.

తొంభైల మధ్యలో ఒక వేసవి. ఐదో తరగతి అయిపోయింది. ఆడపిల్లల గురుకుల పాఠశాలలో చేరడానికి ప్రవేశపరీక్ష రాశాను. ట్యూషన్లు లేవు, గైడ్లు లేవు. అమ్మ వంటింట్లో పీట వేసుకుని కూరలు తరుగుతూ నాకు లెక్కలు చెప్పేది. తను ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. ఊళ్ళో ఆ పై క్లాసు లేదు, పక్క ఊరు పంపడానికి మనుషుల్లేరు, అంతే. అందుకని నా ఎక్కాల మీద తన కక్షంతా తీర్చుకునేది. ఫలితాలొచ్చాయి. నాకు జిల్లాలో రెండో ర్యాంకు.

మా హెడ్మాస్టారు స్వయంగా ఇంటికొచ్చి అమ్మకి నమస్కారం పెట్టారు. అమ్మ కొంగు తీసుకుని చాలాసేపు మొహం తుడుచుకుంది. వెళ్ళేముందు ఆయన ఒక్క మాట గట్టిగా చెప్పారు. "చూడమ్మా, ఆ సీట్లు పల్లెటూళ్ళో ప్రభుత్వ బళ్ళో చదివిన పిల్లలకేనమ్మా. టౌన్లో కాన్వెంటు గడప తొక్కిందని ఎవరన్నా పిటిషన్ పెడితే ర్యాంకు ఉన్నా సీటు పోతుంది. సర్టిఫికెట్లు చూసే రోజుదాకా జాగ్రత్త." మేము కాన్వెంటు గడప కాదు కదా, దాని గోడ కూడా చూసి ఎరగం కాబట్టి అమ్మ నిశ్చింతగా తలూపింది.

నాకు కావాల్సినది చదువేనని పెద్దవాళ్ళు అనుకున్నారు. నిజానికి నాకు కావాల్సింది ఇనప పెట్టె. హాస్టలుకి వెళ్ళే పిల్లలకి ఆకుపచ్చ రంగు ఇనప పెట్టె కొంటారు. దాని మూత మీద తెల్లరంగుతో పేరు రాయిస్తారు. నా అసలు పేరు, పెద్ద పెద్ద అక్షరాలతో, అందరికీ కనపడేలాగ. దాచుకోనక్కర్లేకుండా నా పేరు నేను మోసుకుంటూ బస్సెక్కడం తలుచుకుంటేనే నాకు ఒళ్ళు తేలిపోయేది. ఆ సీటు పోతే ఆ పెట్టె లేదు, ఆ పేరు లేదు. అమ్మకైతే ఇంకా చాలా పోతుంది, కానీ అది నాకు అప్పట్లో పట్టలేదు.

వారం తిరక్కుండానే బెజవాడ నుంచి ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో తోలు సంచి, చేతిలో మైసూర్‌పాకు డబ్బా. బెజవాడలో ఏదో కాన్వెంటు ఆయనదట. అమ్మ చేను దగ్గరకి వెళ్ళింది. గుమ్మంలో అమ్మమ్మ ఉంది. నేను తలుపు వెనక ఉన్నాను.

"మామ్మగారూ, రెండో ర్యాంకు వచ్చిన పాప ఇల్లు ఇదేనాండీ?"

"ఇదే నాయనా. ఏం కావాలి?"

"పాప పేరు, ఒక ఫోటో ఇస్తే మా కాన్వెంటు పాంప్లెట్లో వేస్తామండి. కొత్త ఎడ్మిషన్లు కదండీ."

"అది మీ కాన్వెంటులో చదవలేదుగా."

"చదవకపోతే ఏమైందండీ, మా పిల్లలాంటిదేగా. మేం అందర్నీ మా పిల్లలే అనుకుంటామండి."

అమ్మమ్మ ఆయన్ని తలనుంచి చెప్పులదాకా ఒకసారి చూసింది. ఆ చూపు నాకు తెలుసు. సంతలో వంకాయ పుచ్చు పట్టుకునేటప్పుడు అలాగే చూసేది. ఇంక నాకు లోపల ఆగలేదు. నా ఫోటో, నా పేరు, అచ్చులో. తలుపు తోసుకుని బయటికొచ్చేశాను.

"ఈ పాపేనాండీ?" అన్నాడాయన మొహం విప్పార్చుకుని.

"ఇది పక్కింటి పిల్ల. పొద్దస్తమానం ఇక్కడే పడుంటది" అంది అమ్మమ్మ, నా భుజాన్ని గిల్లిపట్టుకుని. "ఆ పిల్ల ఊళ్ళో లేదు."

ఆయన జేబులోంచి చాక్లెట్ తీసి నా చేతిలో పెట్టాడు. "నువ్వు కూడా ఆ అక్కలాగ బాగా చదువుకోవాలమ్మా" అన్నాడు. నన్ను చూసి నేర్చుకోమని నాకే చెప్పిన మనిషి నా జీవితంలో ఆయనొక్కడే. నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది, చాక్లెట్ మాత్రం వదల్లేదు.

అమ్మమ్మ లోపలికెళ్ళి తన భోషాణంలోంచి ఒక ఫోటో తెచ్చి ఇచ్చింది. ఆయన దాన్ని వెలుగులో పెట్టి చూశాడు.

"పాత ఫోటోలా ఉందేంటండీ?"

"పల్లెటూరు కదా నాయనా. ఇక్కడ ఫోటోలు తొందరగా పాతబడతాయి."

"పాప మరీ చిన్నదిలా కనపడతందండి."

"చదివి చదివి ఒళ్ళు చెయ్యలేదు."

పేరు అడిగాడు. అమ్మమ్మ గుమ్మం పేరు చెప్పింది. ఒక్కొక్క అక్షరం విడమరిచి, రాసుకున్నాక తిరిగి చదివించుకుని మరీ చెప్పింది. ఆయన రెండు చేతులా దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఫోటో ఎవరిదే అని నేను నిలదీస్తే, "ఆ పేరు ఎవరిదో ఫోటో కూడా వాళ్ళదే. నేనేం అబద్ధం ఆడలేదు" అని మైసూర్‌పాకు డబ్బా విప్పింది. నేను అలిగి మైసూర్‌పాకు ముట్టుకోలేదు. సాయంత్రందాకా ముట్టుకోలేదు.

ఆ ఫోటో ఎవరిదన్న దానికి జవాబు తర్వాత వారంలో కొండపల్లి బస్సు దిగి నడుచుకుంటూ వచ్చింది. మా మామయ్య. అమ్మమ్మకి ఒక్కగానొక్క కొడుకు, అమ్మకి తమ్ముడు. కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్లో ఉద్యోగం. మీసాలు తిప్పి, గొంతు పెంచి యూనియన్ మీటింగుల్లో మాట్లాడే మనిషి. ఆయన లోపలికి రావడం రావడమే చొక్కా పైకెత్తి, బనీను మీద దాచుకున్న కాగితాల కట్ట తీసి అమ్మమ్మ ముందు విసిరికొట్టాడు. నీలం సిరాతో అచ్చేసిన పాంప్లెట్లు.

కాగితం నడిమధ్యలో ఒక ఆడపిల్ల. లంగా జాకెట్టు, పూలజడ, నెత్తిన పాపిటబిళ్ళ, కళ్ళనిండా కాటుక. పూలజడ కనపడాలని వెనక అద్దం కూడా పెట్టి తీశారు. కింద మా ఊరి పేరు, జిల్లా రెండో ర్యాంకు అన్న మాట, నా గుమ్మం పేరు. ఆ పిల్ల చెవులు చేటల్లా రెండు పక్కలా తెరుచుకుని ఉన్నాయి. నేను తలెత్తి మామయ్య చెవులు చూశాను. మళ్ళీ కాగితం చూశాను.

"పొద్దున క్యాంటీన్లో పేపరు విప్పాను" అన్నాడు మామయ్య. "ఇది జారి టీ గ్లాసు పక్కన పడింది. పక్కనున్నవాడు చూసి, ఏంటండీ ఈ పిల్ల చెవులు అచ్చం మీవే, మీ చుట్టాలా అన్నాడు."

"నువ్వేమన్నావురా?" అంది అమ్మ.

"మా మేనకోడలన్నాను. అబద్ధమా?"

అమ్మ వంటింట్లోకి పరుగెత్తింది. లోపలినుంచి గిన్నెలు పడ్డ చప్పుడు వచ్చింది గానీ అది నవ్వు ఆపుకోవడంలో పడ్డ గిన్నెలు. మామయ్య క్యాంటీన్లో కనిపించిన పాంప్లెట్లన్నీ పోగుచేసి, దారిలో రెండు టీ బడ్డీల మీద పడి అక్కడి పేపర్లు కూడా దులిపి, సెలవు పెట్టి వచ్చాడట. అమ్మమ్మ వినీ విననట్టు ఆయనకి కంచం పెట్టింది.

"పరువు తీశావు కదే అమ్మా. కొండపల్లిలో నాకొక పరువుంది. నీ కోడలికి కూడా ఈ ఫోటో సంగతి తెలీదు."

"అన్నం తిను. ముద్దపప్పు చేశాను."

"అంత ఊళ్ళో నా ఫోటోనే దొరికిందా నీకు?"

"దాని ఫోటో ఇస్తానా ఏంటి, పసిపిల్ల" అంది అమ్మమ్మ. "నువ్వంటే ముదిరిపోయావు. నీకింక ఎవడేం చేస్తాడు?"

నవ్వులు తగ్గాక అమ్మ ఒక పాంప్లెట్ తీసుకుని నిదానంగా చదివింది. చదువుతూ ఉండగా ఆమె మొహంలో నవ్వు పోయింది. "పేరు మనది కాదు సరే. ఊరు మనదే, ర్యాంకు మనదే. ఇది పట్టుకుని ఎవరన్నా పిటిషన్ పెడితేరా?" అంది. అప్పుడు మామయ్య అందరిచేతా ఒట్టు వేయించుకున్నాడు. ఏం జరిగినా సరే, ఆ ఫోటోలో ఉన్నది ఎవరో బయటపెట్టకూడదు. అమ్మ వేసింది, నేను వేశాను. అమ్మమ్మ పెద్దదాన్ని నాకెందుకంటూ నసిగి, చివరికి కొడుకు తల మీద చెయ్యిపెట్టి తనూ వేసింది.

సర్టిఫికెట్లు చూసే రోజు బెజవాడ వెళ్ళాం. నాన్నకి సెలవు దొరకలేదు. మామయ్య కొండపల్లి నుంచి నేరుగా వచ్చాడు. అమ్మమ్మ తెల్లవారుజామునే మమ్మల్ని గుణదల తీసుకెళ్ళి మేరీమాతకి కొబ్బరికాయ కొట్టించింది. కొండ మీద కళ్ళు మూసుకుని నా అసలు పేరు గొణుక్కుంది. దేవుళ్ళకి మాత్రం అసలు పేరే చెప్పాలని ఆవిడ నియమం, ఏ దేవుడైనా సరే.

ఒక హైస్కూల్లో పెద్ద గది. బల్ల వెనక కళ్ళద్దాల మేడంగారు, పక్కన కాగితాలు అందించే అటెండరు. మా వంతు వచ్చింది. మా హెడ్మాస్టారు రాసిచ్చిన కాగితాలన్నీ మేడంగారు తిరగేశారు. సంతకం పెట్టబోతుండగా బెంచీ మీద నుంచి ఒక పెద్దమనిషి లేచాడు. పక్కన రెండు జడలకీ ఎర్ర రిబ్బన్లు కట్టుకున్న కూతురు. జాబితాలో సీట్లు అయిపోయిన తర్వాత మొదటి పేరు ఆ పిల్లదట. మా సీటు పోతే వాళ్ళకి వస్తుంది. ఆయనేం దుర్మార్గుడు కాదు. చొక్కా చెమటకి తడిసిపోయి, మాలాగే భయపడుతూ ఉన్నాడు.

"మేడంగారూ, ఈ అమ్మాయి బెజవాడ కాన్వెంటులో చదివిందండి" అని పాంప్లెట్ తీసి బల్ల మీద పరిచాడు.

మామయ్య గభాల్న కిటికీ దగ్గరకెళ్ళి గోడమీద ఉన్న జీర్ణవ్యవస్థ పటం చదవడం మొదలుపెట్టాడు.

మేడంగారు పాంప్లెట్ చూశారు. నన్ను చూశారు. "నీ పేరేంటమ్మా?" అన్నారు.

నేను పుట్టినప్పట్నుంచి నేర్చుకున్నది ఒక్కటే, గుమ్మంలోవాళ్ళకి గుమ్మం పేరు, ఇంట్లోవాళ్ళకి ఇంట్లో పిలిచే పేరు. ఇక్కడ గుమ్మం ఎవరిది? నేను లోపలున్నానా, బయట ఉన్నానా? నేను అమ్మమ్మ వైపు చూశాను.

"చూశారా అండీ" అన్నాడు పెద్దమనిషి. "సొంత పేరు చెప్పడానికి ముసలమ్మ మొహం చూస్తంది."

"మనమే ఆవిడ గుమ్మంలో ఉన్నామే" అంది అమ్మమ్మ. "బళ్ళో పేరు చెప్పు."

చెప్పాను. కానీ నా గొంతు నాకే దొంగగొంతులా వినిపించింది. మేడంగారు కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"ఇందులో పేరు వేరే ఉంది. ఫోటో కూడా ఈ పిల్లలా లేదు. కానీ ఆ ఊరు, ఆ ర్యాంకు ఈ పిల్లవే. రెండో ర్యాంకు ఇద్దరికి రాదు కదమ్మా. ఈ ఫోటోలో అమ్మాయి ఎవరో తేలేదాకా నేను సంతకం పెట్టలేను. ఎంక్వయిరీకి రాస్తాను. ఈలోపు సీటు తర్వాతవాళ్ళకి వెళ్తుంది" అన్నారు. ఆవిడ కోపంగా అనలేదు. అందుకే ఇంకా భయం వేసింది.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. అమ్మమ్మ నోరు తెరిచింది. కిటికీ వైపు చూసింది. కొడుకు తల మీద వేసిన ఒట్టు గుర్తొచ్చినట్టుంది, నోరు మూసేసింది. మా అమ్మమ్మ చెప్పాల్సిన మాట మింగేయడం నేను చూసింది ఆ ఒక్కసారే. నా ఆకుపచ్చ పెట్టె నా కళ్ళముందే ఎర్ర రిబ్బన్ల పిల్ల నెత్తికెక్కి వెళ్ళిపోతున్నట్టు కనపడింది. నాకు ఏడుపొచ్చేసింది.

"అది నేనండి" అని వినిపించింది.

మామయ్య. ఇంకా పటం వైపు తిరిగే ఉన్నాడు.

"ఏదండీ?" అన్నారు మేడంగారు.

ఆయన ఇటు తిరిగి బల్ల దగ్గరకొచ్చాడు. "ఆ ఫోటోలో పిల్లండి. నేనేనండి. చిన్నప్పుడు తీయించిందండి. ఆ పేరు కూడా నాదేనండి."

మేడంగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. పాంప్లెట్ ఎత్తి ఆయన మొహం పక్కన పట్టుకున్నారు. ముందు ఎడమ చెవి చూశారు, తర్వాత కుడి చెవి. మీసాలకేసి అనుమానంగా చూసి, బొటనవేలితో పాంప్లెట్లో పిల్ల మూతి మూసి, మళ్ళీ చెవులు చూశారు. అటెండరు కాగితాల కట్ట మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కాగితాలు ఊగుతున్నాయి.

"ఇదేం వేళాకోళమండీ" అన్నాడు పెద్దమనిషి. కానీ ఆయన కూడా దగ్గరకొచ్చి వంగి చూశాడు. చూసి, "చెవులు నిజమేనండి" అన్నాడు నీరసంగా.

"పూలజడ అంటే ముచ్చటకి వేస్తారనుకోండి" అన్నారు మేడంగారు. "ఈ పేరెందుకండీ మీకు?"

ఇంక ఒట్టు లేదు కాబట్టి అమ్మమ్మ ముందుకొచ్చింది. "నేను పెట్టానమ్మా" అంది. "పెద్దది ఆడపిల్ల, ఇదిగో ఇదే, నిలబడింది. దాని తర్వాత ఇద్దరు మగపిల్లలమ్మా. ఒకడు ఏడాది నిండకుండా పోయాడు, ఇంకోడు పాకుతుండగా పోయాడు. మా ఇంటికి వచ్చేదేదో మగపిల్లాడి పేరు అడిగి వస్తందని మా అత్తగారంది. వీడు పుట్టాక వీడికి లంగా కట్టాను, జడ వేశాను. గుమ్మంలో ఎవరడిగినా ఆడపిల్ల పేరు చెప్పాను. బళ్ళో వేసేదాకా వీణ్ణి ఊళ్ళో అందరూ ఆ పేరుతోనే పిలిచారు. వచ్చినది విని వెళ్ళిపోయింది." కొంచెం ఆగి మామయ్య వైపు చూసింది. "చూడండి, ఎంత ఎదిగాడో."

మామయ్య నేలకేసి చూస్తున్నాడు. ఆయన చెవులు ఎర్రగా అయిపోయాయి. అటెండరు కాగితాలు కిందకి దించాడు. ఇప్పుడు నవ్వడంలేదు. మా అమ్మ ఏడుస్తోంది. పోయిన తమ్ముళ్ళ గురించి ఆమె నా దగ్గర ఎన్నడూ అనలేదు. మామయ్య అంటే నాకు అప్పటిదాకా చెవులూ మీసాలూ మాత్రమే. ఆయన మీద నాకు అంత ప్రేమ ఉందని ఆ క్షణందాకా నాకే తెలీదు.

మేడంగారు పాంప్లెట్‌ని నాలుగు మడతలు పెట్టి మా కాగితాల వెనక గుచ్చి సంతకం పెట్టేశారు. కాన్వెంటు ఆయన్ని పిలిపిస్తానన్నారు. పిలిపించారో లేదో నాకు తెలీదు గానీ ఆ మరుసటి ఏడు కూడా ఆయన పాంప్లెట్ వేశాడు. కొత్త ర్యాంకర్ల కింద ఒక మూలన మా మామయ్య పూలజడతో మళ్ళీ నవ్వుతూ కనిపించాడు.

ఇంటికెళ్ళే బస్సులో, ఎందుకు చెప్పేశావు మామయ్యా అని అడిగాను. "నువ్వు హాస్టలుకెళ్తే మా అమ్మకి పనితగ్గి కాస్త నోరు మూస్తదని" అన్నాడు కిటికీలోంచి చూస్తూ. ఎర్ర రిబ్బన్ల పిల్లకి కూడా ఎవరో రాకపోవడంతో సీటు వచ్చింది. హాస్టల్లో దాని మంచం నా పక్కనే. మొదటి రాత్రే నా జడ పట్టుకుని లాగింది. పెట్టె మీద పేరు రాయించేటప్పుడు అమ్మమ్మ పెయింటరు పక్కనే నిలబడి అక్షరాలు చిన్నవిగా రాయమని ప్రాణం తీసింది. నేను పెద్దవిగానే రాయించుకున్నాను. ఈ కథ మాత్రం ఎలా పొక్కిందో పొక్కింది. ఆ తర్వాత మామయ్యని థర్మల్ స్టేషన్లో సెకండ్ ర్యాంకు అని పిలిచేవారు. ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా దండ వేసి అదే పేరు అరిచారట.

పదేళ్ళు దాటాక నేను బెజవాడలోనే కాపురం పెట్టాను. నాకు పాప పుట్టింది. అప్పటికి అమ్మమ్మ లేదు. పురిటి మంచం దిగకముందే నా సెల్‌ఫోన్‌కి కాల్స్ మొదలయ్యాయి. పాప పుట్టినందుకు శుభాకాంక్షలట. పాలడబ్బాలవాళ్ళు, బీమావాళ్ళు, బడివాళ్ళు. అందరికీ పుట్టిన తేదీ తెలుసు, వేళ తెలుసు, బరువు కూడా తెలుసు. పిల్లల వివరాలు కాజేసి వాళ్ళ పేరున ఏవేవో నడిపేస్తారని అప్పుడప్పుడే పేపర్లలో రాస్తున్నారు. దానికి ఇంగ్లీషులో ఏదో పేరు కూడా ఉంది. చదువుతుంటే నాకు పొయ్యిలో కాలే వెంట్రుకల వాసన వచ్చేది. అమ్మమ్మ ఉంటే ఎంత గర్వపడేదో అనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం తలుపు తట్టిన చప్పుడైంది. భుజాన సంచితో ఒకమ్మాయి. ముద్దుపాపల పోటీ అంది. పాప పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, ఒక ఫోటో ఇస్తే చాలు, బహుమతి ఇంటికే వస్తుందంది. పాపం ఎండన పడి వచ్చింది, చెమటలు కారుతున్నాయి. నేను మంచినీళ్ళిచ్చి, ఏం చెప్పాలో తోచక నిలబడ్డాను. మామయ్య పాపని చూడటానికి వచ్చి హాల్లో కుర్చీలో పేపరు చదువుతున్నాడు. మీసాలు నెరిశాయి. చెవులు అలాగే ఉన్నాయి.

"పాప పేరేంటండీ?" అంది ఆ అమ్మాయి.

మామయ్య పేపరు దించకుండానే, ఒక్కొక్క అక్షరం విడమరిచి, ఆ పేరు చెప్పాడు. ఫోటో అడిగింది. జేబులోంచి పర్సు తీసి, అందులోంచి అరిగిపోయిన చిన్న ఫోటో, ఆ పూలజడదే ఇంకో కాపీ, తీసి ఇచ్చాడు. ఆ అమ్మాయి దాన్ని వెలుగులో పెట్టి చూసి, "పాతదిలా ఉందేంటండీ" అంది.

"బెజవాడ ఎండలమ్మా" అన్నాడు మామయ్య. "ఫోటోలు తొందరగా పాతబడతాయి."

ఆ అమ్మాయి వెళ్ళాక నేను తలుపుకి ఆనుకుని నవ్వాను. "అదేంటి మామయ్యా, నీ పేరు పట్టుకెళ్ళి పాపకిచ్చేశావు?"

ఆయన లేచి ఉయ్యాల దగ్గరకెళ్ళాడు. పాప నిద్రపోతోంది. పెద్ద చెవి ఒకటి పొత్తిగుడ్డల్లోంచి బయటికి వచ్చి ఉంది. దాన్ని మెల్లిగా లోపలికి సర్దాడు.

"ఉంచుకోనియ్యి. వాడిన పేరే గానీ బాగా పనిచేస్తది" అన్నాడు. "చూడు, నేనున్నాను. నువ్వున్నావు."